మిడ్లింగ్: మధ్యరకానికి ఒక మాట

మిడ్లింగ్ అనేది ఇంగ్లీషులో మధ్యరకాన్ని చెప్పే పాత మాట. మేలురకం కాదు, అలాగని నాసిరకమూ కాదు. తెలుగులో 'ఓ మోస్తరు', 'ఒక మాదిరి', 'పర్వాలేదు' అనే చోట ఇంగ్లీషువాళ్లు దీన్ని వాడారు, కొన్ని ప్రాంతాల్లో ఇప్పటికీ వాడుతున్నారు. నోటిమాటగా దీనికి పెద్ద బరువు లేదు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే చెప్పే జవాబు, నిన్న చూసిన నాటకం గురించి పెదవి విరుస్తూ అనే మాట, అంతే. పత్తి బజారులోనూ పిండిమిల్లులోనూ మాత్రం ఇదే మాట ఎంతో ఖచ్చితమైన కొలత. ఒక బేలును మిడ్లింగ్ అన్నారంటే దాని రంగెంత, చెత్తెంత, ధరెంత అన్నది ఖండాలు దాటి తెలిసిపోయేది. ఊసుపోక అనే మాటగా, లక్షల బేళ్లకు ధర కట్టే మాటగా రెండు విధాలా బతికిన పదాలు ఏ భాషలోనైనా తక్కువే.

పుట్టుక

ఈ పదం 15వ శతాబ్దం మధ్యనాటి స్కాట్లండు రాతల్లో కనిపిస్తుంది. 'మిడ్' అనే ధాతువుకు 'లింగ్' చేరి ఏర్పడిందని కొందరు, 'మిడిల్' మీద 'ఇంగ్' చేరిందని మరికొందరు అంటారు. ఎలా పుట్టినా దాని మొదటి కొలువు వర్తకంలోనే. సరుకును మూడు కుప్పలుగా ఏరితే రెండో కుప్పకు ఆ పేరు పెట్టారు.

ఆ 'మిడ్' మనకు పరాయిదేమీ కాదు. సంస్కృతంలోని 'మధ్య', లాటిన్‌లోని 'మెడియుస్', ఇంగ్లీషులోని 'మిడ్' ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి చీలినవి. తెలుగు సంస్కృతం నుంచి మధ్యమం, మధ్యస్థం, మధ్యరకంలోని 'మధ్య' తెచ్చుకుంది కాబట్టి, మార్కెట్ యార్డులో 'మధ్యరకం' అని అరిచే, తూకం వేసే దడ్వాయి నోటిలోనూ లివర్‌పూల్ దళారీ నోటిలోనూ పలికింది ఒకే పాత మాట తాలూకు రెండు రూపాలు.

దీనికి వరస కలిసే మరో మాట 'మీడియోకర్'. లాటిన్ 'మెడియోక్రిస్'లో ముందు సగం మధ్య, వెనక సగం 'ఓక్రిస్', అంటే రాళ్లతో గరుకుగా ఉన్న కొండ. రెండూ కలిపితే కొండ సగం ఎక్కినవాడు. అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం దగ్గర చతికిలబడ్డ భక్తుడన్నమాట. భర్తృహరి నీతిశతకం చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. పని మొదలుపెట్టనివాడు అధముడు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే మానేసేవాడు మధ్యముడు, ఎన్ని అడ్డొచ్చినా విడవనివాడు ఉత్తముడు అని ఆయన విభజన. రోములోని మాటా ఉజ్జయిని వైపు శ్లోకమూ ఒకదాన్నొకటి ఎరగవు. రెండిటికీ మధ్యముడు దారిలో ఆగిపోయినవాడిగానే కనిపించాడు.

అయితే లాటిన్‌లో ఈ మాట తిట్టు కాదు. క్రీ.పూ. 23లో వెలువడిన గీతాల్లో హొరేస్ కవి 'బంగారు మధ్యస్థితి'ని మెచ్చుకున్నాడు. పూరిపాకా వద్దు, పదిమంది కన్నుకుట్టే మేడా వద్దు అన్నది అతని ఉద్దేశం. ఆ మెచ్చుకోలులోని మాటే ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చి, మెల్లమెల్లగా దిగజారి, చివరికి 'పనికిమాలినవాడు' అనడానికి మర్యాదైన పేరుగా మిగిలింది. ఎంత దిగజారిందో 1970లో అమెరికా సెనేట్‌లో తేలింది. సుప్రీంకోర్టు జడ్జి పదవికి అధ్యక్షుడు నిక్సన్ ప్రతిపాదించిన హరాల్డ్ కార్స్‌వెల్‌ను అందరూ మీడియోకర్ అని విమర్శిస్తుంటే, నెబ్రాస్కా సెనేటర్ రోమన్ హ్రుస్కా ఆయన పక్షాన నిలబడి, దేశంలో మీడియోకర్ మనుషులు బోలెడంతమంది ఉన్నారు, కోర్టులో వాళ్లకూ కాస్త ప్రాతినిధ్యం ఉండాలి కదా అన్నాడు. ఏప్రిల్ 8న 51-45 ఓట్లతో కార్స్‌వెల్ నియామకం వీగిపోయింది. హ్రుస్కా సెనేట్‌లో రెండు దశాబ్దాలకు పైగా ఉన్నాడు, జనానికి గుర్తున్నది ఈ ఒక్క వాదనే.

మిడ్లింగ్‌కు ఆ గతి పట్టలేదు. దాన్ని పట్టి నిలబెట్టింది పత్తి.

పత్తి బజారులో

18వ శతాబ్దం చివరి నుంచి లాంకషైర్ నూలు మిల్లులకు కావలసిన దూది అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి లివర్‌పూల్ రేవుకు దిగేది. అక్కడి దళారీలు సరుకుకు వరసగా పేర్లు పెట్టుకున్నారు. అట్టడుగున ఆర్డినరీ, దానిపైన గుడ్ ఆర్డినరీ, లో మిడ్లింగ్, మిడ్లింగ్, గుడ్ మిడ్లింగ్, మిడ్లింగ్ ఫెయిర్, ఫెయిర్, ఇలా పైకి పోతుంది. రోజువారీ ధర చెప్పేటప్పుడు అన్నిటినీ ఏకరువు పెట్టేవారు కాదు. 'మిడ్లింగ్ ఆర్లియన్స్' ఇంత, 'మిడ్లింగ్ అప్లండ్స్' ఇంత అంటే చాలు, మిగతావాటిని దానికి ఇంత ఎక్కువ, ఇంత తక్కువ అని లెక్కగట్టుకునేవారు. మధ్యరకం అంటే నాణ్యత గురించి అభిప్రాయం అనుకుంటాం. ఇక్కడ అది మైలురాయిలో సున్నా లాంటిది.

మిడ్లింగ్ అని తేల్చేది కన్ను, చెయ్యి. బేలు రెండు పక్కలా కోసి దూది తీసి, ఉత్తరం వైపు నుంచి వచ్చే నీడ వెలుతురులో పరిచి చూస్తారు. ఎండ నేరుగా పడితే రంగు మోసం చేస్తుంది. తెలుపు ఎంత, పసుపు ఛాయ ఎంత, ఎండుటాకు ముక్కలు ఎన్ని, జిన్నింగ్ మర పోగును చిక్కుపెట్టిందా లేదా అన్నది గ్రేడు. తర్వాత చిటికెడు దూదిని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పోగులు సరిచేసి, పొడవు చూస్తారు. ఈ పనిని చూడాలనుకునేవారికి ఒక మంచి బొమ్మ ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గర్ దెగా తల్లి తరఫు బంధువులు న్యూ ఆర్లియన్స్‌లో పత్తి వ్యాపారులు. అక్కడికి వెళ్లినప్పుడు వాళ్ల ఆఫీసును 1873లో చిత్రించాడు. ముందు భాగంలో కూర్చుని కళ్లజోడుతో దూదిని వేళ్ల మధ్య సాగదీసి చూస్తున్న ముసలాయన దెగా మేనమామ మిషెల్ ముసోన్. చుట్టూ ఒకరు పేపరు చదువుతుంటారు, ఒకరు కిటికీకి చేరగిలబడి ఉంటారు. ఆ గదిలో నిజంగా పనిచేస్తున్నవి ఆ పెద్దాయన వేళ్లే అనిపిస్తుంది.

ఈ తెల్లటి కొలత వెనక ఉన్న చేతుల గురించి చెప్పకపోతే వ్యాసం సగమే. 1865 వరకు ఆ పత్తి ఏరినవాళ్లు బానిసలు. లూసియానాలో 12 ఏళ్లు బానిసగా గడిపి బయటపడిన సాల్మన్ నార్తప్ 1853లో అచ్చయిన తన పుస్తకంలో, మామూలుగా రోజుకు ఒక మనిషి ఏరవలసింది 200 పౌన్లు అని రాశాడు. సాయంత్రం తూకం దగ్గర తగ్గితే కొరడా దెబ్బలు, మించితే మర్నాటి నుంచి ఆ మించిన బరువే అతని కొలత. దూదికే కాదు, ఏరే మనిషికీ ఒక 'మధ్యరకం' గీత ఉండేది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు మూతపడ్డాయి. యుద్ధానికి ముందు లివర్‌పూల్‌లో మిడ్లింగ్ పత్తి పౌను సుమారు 7 పెన్సులు. 1864లో అది 27 పెన్సులు దాటింది. లాంకషైర్‌లో మగ్గాలు ఆగి కూలీలు పస్తులున్నారు. ఇక్కడ మన తీరం కథలోకి వస్తుంది. అప్పటికి ఇంగ్లీషువాళ్లు కోకనాడ అని పిలిచే కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతి ఒక్కసారిగా పెరిగింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పండే, కాస్త ఎర్రటి ఛాయ ఉన్న పత్తికి వర్తకంలో 'కోకనాడాస్' అనే పేరే స్థిరపడింది. కర్నూలు వైపు పత్తిని 'నార్తర్న్స్' అని, బళ్లారి, అనంతపురం వైపు పత్తిని 'వెస్టర్న్స్' అని మద్రాసు వ్యాపారులు పిలిచేవారు. గోదావరి మీద ఆనకట్ట కట్టిన కాటన్ దొర పేరుకూ ఈ పత్తికీ చుట్టరికం లేదు, పేరు కలిసిందంతే. భారతదేశపు పత్తిని అమెరికన్ మిడ్లింగ్‌తో ఒకే వరసలో పెట్టేవారు కాదు. దానికి వేరే తరగతులు, వాటి లెక్కకు ఆధారం చాలావరకు 'ఫెయిర్'. ఫెయిర్ ధొలెరా, ఫెయిర్ ఊమ్రా అని ధరలు పలికేవి. మన 'ఫెయిర్' వాళ్ల 'మిడ్లింగ్' కన్నా తక్కువకు అమ్ముడయ్యేది. ఒకే మాట ఊరు మారితే విలువ మారుతుందని రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

పేర్లు ఒకటే అయినా న్యూయార్క్ మిడ్లింగ్ వేరు, న్యూ ఆర్లియన్స్ మిడ్లింగ్ వేరు కావడంతో తగాదాలు తెగేవి కావు. 1909లో అమెరికా వ్యవసాయ శాఖ తెల్ల పత్తికి తొమ్మిది గ్రేడ్లను ఖరారు చేసి, అసలు దూదినే పెట్టెల్లో అమర్చి నమూనాలుగా ఇచ్చింది. పైనుంచి లెక్కపెడితే మిడ్లింగ్ ఐదోది, కిందినుంచి లెక్కపెట్టినా ఐదోదే. పేరుకు తగ్గట్టు సరిగ్గా నడిమధ్య కూర్చుంది. గ్రేడుకు ముందు 'స్ట్రిక్ట్' చేరిస్తే సగం మెట్టు పైకి అని అర్థం. 1923లో యూరప్ పత్తి సంఘాలూ ఈ నమూనాలను ఒప్పుకోవడంతో అవి సార్వత్రిక ప్రమాణాలయ్యాయి.

ఇప్పుడు కన్ను స్థానంలో యంత్రం వచ్చింది. దూది మీద వెలుతురు పడితే ఎంత తిరిగి వస్తోంది, పసుపు ఎంత అని రెండు అంకెలు తీసి యంత్రమే రంగు గ్రేడు చెబుతుంది. మిడ్లింగ్‌కు 31, స్ట్రిక్ట్ లో మిడ్లింగ్‌కు 41 అని సంకేతాలు. న్యూయార్క్ పత్తి ఫ్యూచర్స్‌లో ఆధార గ్రేడుగా ఇప్పుడు నడుస్తున్నది ఈ 41. అంటే కొలతకు ఆధారమైన గీతే నడిమధ్య నుంచి ఒక మెట్టు దిగింది. అంతర్జాతీయ ధరలకు దిక్సూచిగా చూసే కాట్‌లుక్ 'ఏ' సూచీ మాత్రం మిడ్లింగ్‌నే పట్టుకుని ఉంది. దాన్ని వెలువరించే సంస్థ ఉన్నది లివర్‌పూల్‌కు నది అవతల బర్కెన్‌హెడ్‌లో.

ఫెయిర్ టు మిడ్లింగ్

19వ శతాబ్దంలో అమెరికాలో పత్తి ధరల పట్టీల నుంచి 'ఫెయిర్ టు మిడ్లింగ్' అనే జంటమాట మామూలు సంభాషణలోకి దిగింది. ఎలా ఉన్నావంటే 'ఫెయిర్ టు మిడ్లింగ్' అంటారు. మనం 'ఏదో, ఇలా ఉన్నాం' అంటామే, అది. ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఒట్టి 'మిడ్లిన్' అన్నా చాలు. అది బాగున్నానని చెప్పడమా, బాగాలేదని చెప్పడమా అన్నది గొంతును బట్టి పట్టుకోవాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. పాత వర్గీకరణ చూస్తే ఫెయిర్ అనేది మిడ్లింగ్‌కు మూడు మెట్లు పైన, దాదాపు శిఖరం మీద. కాబట్టి ఫెయిర్ నుంచి మిడ్లింగ్ వరకు అంటే పత్తి లెక్కలో నిచ్చెన పైభాగమంతా, కొనేవాడు ఎగిరి గంతేసే సరుకు. జనం నోట్లో పడేసరికి అదే 'అంతంతమాత్రం' అయింది. పత్తి తెలియనివాళ్లు 'ఫెయిర్'ను మామూలు ఇంగ్లీషు అర్థంలోనే తీసుకుని ఉంటారు. టెక్సాస్‌లో మిడ్లండ్ అనే ఊరుంది. అక్కడివాళ్లు సరదాకి 'ఫెయిర్ టు మిడ్లండ్' అనడం మొదలుపెడితే, అసలు మాట అదే, మిగిలింది అపభ్రంశం అని నమ్మేవాళ్లు కూడా తయారయ్యారు. నిజం దానికి తిరగబడి ఉంది.

మనుషులకు తగిలినప్పుడు

17, 18 శతాబ్దాల ఇంగ్లండులో ఈ మాట మనుషుల మీదికీ వెళ్లింది. జమీందారీ ప్రభువులు కాక, రెక్కాడితేగాని డొక్కాడని కూలీలూ కాక, మధ్యలో ఉన్న దుకాణదారులు, చేతిపనివాళ్లు, సొంత కమతం ఉన్న రైతులు 'మిడ్లింగ్ సార్ట్'. 'మధ్యతరగతి' అనే మాట పుట్టి స్థిరపడేదాకా ఆ కొలువు ఇదే చేసింది. 1719లో వచ్చిన రాబిన్సన్ క్రూసో నవల మొదట్లోనే తండ్రి కొడుక్కి నడిమి బతుకే హాయి అని బోధిస్తాడు. కొడుకు వినడు. వింటే నవల ఉండేది కాదు.

పిండిమిల్లులో

పిండి వర్తకంలో 'మిడ్లింగ్స్' అని బహువచనంలో వాడతారు. గోధుమ గింజను విసిరితే మెత్తటి పిండి ఒకపక్క, తవుడు ఒకపక్క పోగా, మధ్యలో గరుకు పలుకులు మిగులుతాయి. వాటితో తవుడు ముక్కలు కలిసి ఉంటాయి కాబట్టి తిరిగి విసిరితే పిండి నల్లబడేది. చౌకపిండిగానో పశువుల దాణాగానో పోయేది. అమెరికా వాయవ్య మైదానాల్లో వసంతంలో విత్తే గట్టి గోధుమతో ఈ బెడద మరీ ఎక్కువ. దాని పొట్టు పెళుసు, రాళ్ల కింద పొడిపొడి అయిపోతుంది. అందుకే మినియాపోలిస్ పిండికి తూర్పు నగరాల్లో ధర పలికేది కాదు.

1870-71లో అక్కడ కాడ్వలాడర్ వాష్‌బర్న్ మిల్లును నడుపుతున్న జార్జ్ క్రిస్టియన్, ఎడ్మండ్ లా క్రోయ అనే ఫ్రెంచి నిపుణుడి చేత ఒక యంత్రం కట్టించాడు. కదిలే జల్లెడ మీద ఈ పలుకులు పరుచుకుంటే కిందినుంచి గాలి పైకి తన్నుతుంది. తేలికైన తవుడు లేచిపోతుంది, బరువైన పలుకు జల్లెడలోంచి దిగుతుంది. మన కళ్లంలో చేటతో తూర్పారబట్టడమే, కాకపోతే పెట్టెలో పెట్టారు. అలా శుభ్రమైన మిడ్లింగ్స్‌ను మళ్లీ విసిరితే వచ్చిన పిండి అన్నిటికన్నా తెల్లగా, జిగురు ఎక్కువగా, రొట్టె బాగా పొంగేలా తేలింది. గింజలో మాంసకృత్తులు దండిగా ఉన్న భాగం ఆ గరుకు పలుకుల్లోనే ఉండిపోతోందని అప్పుడు అర్థమైంది. పశువులకు వేసినదే 'పేటెంట్ ఫ్లోర్' అనే పేరుతో అన్నిటికన్నా ఖరీదైన పిండి అయింది. మినియాపోలిస్ కొన్నేళ్లలోనే పిండి రాజధానిగా మారింది. ఆ వైభవానికి మూల్యమూ ఉంది. 1878 మే 2న వాష్‌బర్న్ 'ఏ' మిల్లులో పిండి ధూళి అంటుకుని పేలి 18 మంది చనిపోయారు.

ఇలా తవుడు తీసేసిన మిడ్లింగ్స్‌ను తిరిగి విసరకుండా అలాగే అమ్మితే దాని పేరు సెమోలినా. మన ఇళ్లలో బొంబాయి రవ్వ. పొద్దున్నే ఉప్మా చూసి ముఖం చిట్లించే పిల్లలు ఈ వ్యాసానికి తగిన పాఠకులే. వాళ్ల పళ్లెంలో ఉన్నది అక్షరాలా మిడ్లింగే. నేతిలో జీడిపప్పు వేయించి వేస్తే అదీ పెళ్లివిందులో ఎలా ఫెయిర్ దాటిపోతుందో వేరే చెప్పాలా?

తెలుగు నేల మీద

తెలుగులో ఈ భావానికి మాటలు చాలానే ఉన్నాయి, వాటి నిర్మాణం వేరు. 'ఓ మోస్తరు', 'ఒక మాదిరి', 'ఒక రకంగా' అన్నవాటిలో మధ్య అనే అర్థమే లేదు. మోస్తరు, మాదిరి, రకం అంటే తీరు. ఏ తీరో చెప్పకుండా 'ఒక తీరు' అని వదిలేయడమే ఇక్కడ మధ్యరకం అనే అర్థాన్నిచ్చింది. 'పర్వాలేదు' ఇంకా దూరం వెళ్లి, దాని గురించి చింత అక్కర్లేదు అనేసింది. మన భాష ఈ చోట కొలవడానికి ఇష్టపడలేదనిపిస్తుంది. కొలత అవసరమైన చోట సంస్కృతాన్నో ఇంగ్లీషునో పిలిచింది.

ఆ పిలుపు ఇప్పుడు ప్రతి సీజనులో వినిపిస్తుంది. కేంద్రం ప్రకటించే మద్దతు ధర 'ఫెయిర్ యావరేజ్ క్వాలిటీ'కి, అంటే సగటు నాణ్యత ఉన్న సరుకుకు. ఎఫ్‌ఏక్యూ అనే మూడక్షరాలు ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, ఆదోని యార్డుల్లో చదువురాని రైతుకూ తెలుసు. ఈ మాట కూడా ధాన్యపు ఎగుమతి వర్తకం పెట్టిన భిక్షే. 19వ శతాబ్దం చివర ఆస్ట్రేలియాలో ఆ ఏటి గోధుమ నమూనాలన్నీ కలిపి సగటు తీసి, దాన్నే ఆ ఏటి సరుకుకు ప్రమాణంగా పెట్టుకునేవారు. అక్కడ సగటు పంటతోపాటు మారేది. వానలు చెడితే ప్రమాణమూ తగ్గేది. ఇక్కడి ఎఫ్‌ఏక్యూ ముందే రాసిపెట్టిన అంకె. వడ్లకు తేమ 17 శాతం. పత్తికి 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన శాతానికింత కోత, 12 దాటితే కొనరు. అక్టోబరు, నవంబరు మంచులో తీసిన పత్తిని తెల్లారుజామునే ట్రాక్టర్లో తెచ్చినవాడికి యంత్రం ముల్లు 12 దాటడం ఎంత తేలికో తెలుసు. రంగు మారిన పత్తిది ఇంకో కొర్రీ. చివరికి అడ్తిదారు చెప్పిన రేటుకు తలూపి వెళతాడు.

యార్డులో 'నీ పత్తి ఎఫ్‌ఏక్యూ కాదు' అన్నప్పుడు రైతు వినేది నాసిరకం అనే. ఫెయిర్ అన్నా, సగటు అన్నా, మిడ్లింగ్ అన్నా అర్థం మధ్యస్థమే, కాని ఆ గీత మీద మద్దతు ధర వేలాడుతుంది కాబట్టి అది నేలలా కాక గడపలా పనిచేస్తుంది. దాటితేనే లోపలికి.

అమెరికా వ్యవసాయ శాఖ నమూనా పెట్టెలకు కూడా ఒక ఇబ్బంది తప్పదు. దూది నిలవ ఉన్నకొద్దీ పసుపెక్కుతుంది. నిరుడు మిడ్లింగ్‌గా పెట్టెలో అమర్చిన దూదే ఏళ్లు గడిస్తే ఆ గ్రేడుకు సరిపోదు. అందుకని కొత్త పంట దూది ఏరి, పాతదాని పక్కన పెట్టి చూసి, పెట్టెల్ని మళ్లీ మళ్లీ నింపుతూనే ఉంటారు.